చాబీ తీశాక ప్రార్థన

హలో… ఆ, నేనే.

నేనే రా, జ్ఞానయ్యని. నా ఫోన్‌కి చేసి ఎవరని అడుగుతావేటి?

…గొంతు మారిందా? మారదా మరి. నెల్లాళ్ళ నుంచి ఇంట్లో మాట్లాడ్డానికి మనిషి లేదు. ఈ పోర్ట్‌బ్లెయిర్ ఉప్పుగాలికి వాడకపోతే గొంతైనా తుప్పు పడద్ది.

చెప్పు ప్రసన్నా. బామ్మర్దివి, ఊరికే చెయ్యవు.

…ఆ. …ఆ. …మీ అక్క అడగమందా?

అడగమన్లేదు. నీ అంతట నువ్వే అడుగుతున్నావు. సరే. అలాగే అనుకుందాం.

బండి కింద లేను. ముందున్నాను. బానెట్ ఎత్తి. …అవును, స్పార్క్ ఇచ్చే ఆ డబ్బాయే బిగిస్తున్నాను. రెండోది. మొదటిది పరలోకానికి పోయింది కదా, నీకు తెలీనట్టు.

…రేపా?

…మాయాబందర్ ఎందుకు?

ఓహో. చెల్లెలింటికి. రేపు పొద్దున అడవి దాటే కాన్వాయ్ బస్సుకి. …మళ్ళీ ఎప్పుడొస్తానంది? …చెప్పలేదు. …బట్టలన్నీ సర్దేసిందా? …అక్కడి స్త్రీల సమాజంలో పాటలకి పేరు కూడా ఇచ్చేసిందా?

…

లేదు లేదు, లైన్లోనే ఉన్నాను. స్క్రూడ్రైవర్ కింద పడింది.

ఇంతకీ ఆవిడ షరతు మారిందా, అదేనా? …అదే. బండి ఎవరూ తొయ్యకుండా స్టార్ట్ అయితేనే ఇంటికొస్తుంది. …మంచిది. మాట మీద నిలబడే మనిషి. పెళ్ళినాడే నాకు అనుమానం వచ్చింది.

తప్పు నాదంటావు. నేను చేసిందేటి? వానలో, చర్చి ఎక్కుడు మధ్యలో, అంబాసిడర్ ఆగిపోయింది. డిస్ట్రిబ్యూటర్లో పాయింట్లకి చెమ్మ పట్టేసింది. నేను స్టీరింగ్ పట్టుకోవాలి. ఇంకెవరు తోస్తారు, దేవదూతలా?

…ఆ, పట్టుచీరే. తెలుసు. అద్దంలో కనపడతానే ఉంది.

…సంఘమంతా గొడుగులేసుకుని చూసేరు. అదీ తెలుసు.

నేనన్నదల్లా ఒక్క ముక్క. 'ఇంకాస్త గట్టిగా తొయ్యి' అని.

అంతే కదా! దానికి పక్కింటి అచ్చిబాబు ఆటో ఎక్కి ఫెరార్‌గంజ్‌లో మీ ఇంటికి వచ్చేసింది. రోజు మొత్తమ్మీద నేను నాలుగు మాటలకి మించి ఆడను. ఆ నాలుగిట్లో ఒకటి పట్టుకుని వెళ్ళిపోతే ఎలాగ?

…నవ్వకు. ఇద్దరు నవ్వినట్టు వినపడుతుంది. …స్పీకర్ ఆన్లో లేదా? మరి ఇందాక దగ్గిందెవరు, మేకా?

సరే. లేదంటే లేదు. పెట్టెయ్యనా, పనుంది.

…సాయమా? ఫోన్లోనా? ఏం చేస్తావు, టార్చి పడతావా?

…నీ పవర్ టిల్లర్‌ది డీజిల్ ఇంజిన్ రా నాయనా. దానికి స్పార్కే ఉండదు. లేనిదాని మీద నాకు సలహాలివ్వకు.

…ఆ, వింటానంటే విను. చెవులు నీవి.

పాత పాయింట్లు తీసేశాను. కండెన్సరూ తీసేశాను. …పారెయ్యలేదు. మీ అక్క పోపులడబ్బాలో పెట్టాను. అది ఖాళీగానే ఉంది. పోపెవరు పెడుతున్నారిక్కడ?

పాయింట్లుండే చోట ఈ నల్ల డబ్బా కూర్చుంది. అగ్గిపెట్టె కన్నా చిన్నది. నడుమ తిరిగే ఇరుసుకి అయస్కాంతం ఉంగరం తొడిగాను. …ఊహూ, ఒకదానికొకటి తగలవు. పాయింట్లు కొట్టుకుంటేనే స్పార్క్ వచ్చేది. ఇది ముట్టుకోకుండానే నిప్పు పుట్టిస్తుంది. …కొత్తేటీ కాదు. మీ అక్కకి ఆ విద్య ఎప్పట్నించో వచ్చు.

…ఇదిగో, మేక మళ్ళీ దగ్గింది. మందు పట్టించు దానికి.

రోటర్ పెట్టాను. మూత పెట్టాను. క్లిప్పులేశాను. ఇంక తీగలు రెండే. ఎర్రది కాయిల్ ప్లస్‌కి, నల్లది మైనస్‌కి. మారిందా, ఇదీ పరలోకమే.

…మొదటిదా? మారలేదు రా. అది మారలేదు. సరిగ్గానే బిగించాను.

ఎందుకు కాలిందంటే… చెప్తే నువ్వు పాస్టర్ గారికి మోస్తావు.

…మొయ్యవా. ఒట్టు పెట్టకూడదు కాబట్టి నమ్ముతాను.

చెన్నైలో ఆ షాపు భయ్యాకి ఫోన్ చేశాను. నా హిందీకీ వాడి హిందీకీ ఎలాగో పొత్తు కుదిరింది. ఇంజిన్ తిరక్కుండా చాబీ ఆన్ చేసి వదిలేశారా అన్నాడు. వదల్లేదు, పట్టుకునే ఉన్నానన్నాను. ఎంతసేపు అన్నాడు. ప్రార్థన అయ్యేదాకా అన్నాను. ప్రార్థన ఎంతసేపు అన్నాడు. మా పాస్టర్ గారు నీకు తెలీదు భయ్యా అన్నాను.

…మరి! మన పద్ధతే అది కదా! బండికి కొత్తగా ఏది బిగించినా ఆయన బానెట్ మీద చెయ్యి పెట్టాలి, నేను చాబీ తిప్పి కాసుకోవాలి, ఆమెన్ అనేసరికి ఇంజిన్ అందుకోవాలి. మీ నాన్న జీపుకీ అలాగే చేశాం. పాత పాయింట్లు మన ప్రార్థనకి అలవాటు పడిపోయాయి. ఈ డబ్బాకి మన సంఘం కొత్త. చాబీ ఆన్లో ఉండి ఇంజిన్ తిరక్కపోతే వేడెక్కి చచ్చిపోద్దంట.

నువ్వూ ఉన్నావు కదా ఆవేళ. ఆయన ముందు డ్రైవర్ కోసం చేసేరు. బాగుంది. తరవాత బండి కోసం. అదీ బాగుంది. తరవాత రోడ్లు. ఆ తరవాత చెన్నై ఓడ, విశాఖ ఓడ, ఆ ఓడల్లో టిక్కెట్లు దొరకనివాళ్ళు. కార్ నికోబార్ దీవి దగ్గరకొచ్చేసరికి బానెట్లోంచి పొగ. అందరూ కళ్ళు మూసుకున్నారు కాబట్టి చూళ్ళేదు. వాసనకి తెరిచేరు. అచ్చిబాబు పాపం, మన చర్చిలో కూడా ధూపం వేస్తారా అనడిగాడు.

మీ అక్క అడగలేదు. ప్రార్థనకని వచ్చిన ఆటోలోనే తిరిగెళ్ళిపోయింది.

…పాస్టర్ గారి తప్పని నేనన్నానా? ఆయన మాట్లాడింది ప్రభువుతో. చాబీ తిప్పింది నేను.

సరే. తీగలు బిగిసేయి. సీట్లో కూర్చున్నాను. …ఒక్కణ్ణే. అచ్చిబాబు తోస్తానన్నాడు, గేటు బయటే నిలబెట్టాను. తోసి స్టార్ట్ చేస్తే మీ అక్క లెక్కలోకి రాదు.

ఇదిగో, తిప్పుతున్నా—

…ఏటి?

…ఏట్రా, ప్రార్థనా, ఇప్పుడా? ప్రసన్నా, చాబీ ఆన్ చేశాను రా! …సంఘపెద్దవే, కాదన్లేదు… 'ప్రేమగల తండ్రీ' దాకా వెళ్ళిపోయావా అప్పుడే… ఒరే! ఆమెన్ అనెయ్! ఆమెన్!

…మధ్యలో ఆపకూడదా?

సరే, నేనే ఆపేను. చాబీ ఆఫ్. కానియ్.

…

…

…ఆమెన్. నయమే, ఓడల జోలికి వెళ్ళలేదు.

ఇప్పుడెవరూ ఏటీ అనకండి. దగ్గకండి కూడా.

…

…తిరిగింది. అందుకోలేదు.

మళ్ళీ.

…లేదు. అందుకోవట్లేదు.

…ఏటీ అనకు ప్రసన్నా. …తెలుసు, రేపు పొద్దున్నే బస్సు. తెలుసు. …ఆవిడేటంటుంది? …ఏటీ అన్లేదా. లేచి లోపలికెళ్ళిందా?

ఉండు. ఒక్కసారి ఆగమను. వెళ్ళొద్దన్నానని చెప్పు.

…ఆ, నేనే అన్నాను. వెళ్ళొద్దనే అన్నాను. మళ్ళీ చెప్పించకు. పనిలో ఉన్నాను.

బానెట్ ఎత్తుతున్నా… ఎర్రది ఉంది… నల్లది… నల్లది ఉంది. మరేటి… ఓహో. ఓహోహో.

…ఏటీ లేదు. మూత నడుమ పెట్టాల్సిన లావు తీగ. కాయిల్ నుంచి వచ్చేది. చేతిలోనే ఉంది. …చేతిలో కాదు, భుజం మీద. తువ్వాలనుకున్నాను. …నవ్వు. నవ్వు. మేకని కూడా నవ్వమను.

పెట్టాను. కూర్చున్నాను. చాబీ.

…

ఆఁ! విన్నావా? …విన్నావా ప్రసన్నా! యాక్సిలేటర్ తొక్కనైనా తొక్కలేదు, అందుకుంది! …రికార్డింగ్ కాదు రా, బండే! అచ్చిబాబు గేటు దగ్గరే ఉన్నాడు, నోరు తెరుచుకుని!

ఆవిడకివ్వు ఫోన్. …నేను మాట్లాడను. బానెట్ మీద పెడతాను, ఇంజినే మాట్లాడుద్ది. ఇచ్చెయ్.

…

…హలో.

…మేరమ్మా. …ఆ, నేనే.

…ఏటీ లేదు. బండి స్టార్ట్ అయింది.

…ఎవరూ తొయ్యలేదు. …అచ్చిబాబు గేటు బయటున్నాడు. …వాడి సాక్ష్యమూ కావాలా? కోర్టు పెట్టు.

…ఆపి మళ్ళీ స్టార్ట్ చెయ్యమంటావా?

నమ్మకం మన ఇంట్లో ఆదివారానికే. సరే. ఆపేను.

…

విన్నావా? …మళ్ళీయా?

…

ఇప్పుడు? …ఊఁ. రెండుసార్లూ అందుకుంది. మూడోసారి అడిగేవంటే పెట్రోలు నువ్వు పొయ్యాలి.

…అన్నమా? వండుకున్నాను. …నిజమే. అచ్చిబాబు ఇంట్లో వండుకున్నాను. …వాళ్ళావిడే వండింది. నేను తిన్నాను. ఆ పని నేనే చేశాను.

…పోపులడబ్బా ఎక్కడుందా? ఎందుకిప్పుడు ఆ సంగతి?

…

…ఏటనాలి?

…బండి స్టార్ట్ అయితే వస్తానన్నావు. అయింది. ఇంకా ఏటనాలి?

…

సరే విను. ఒక్కసారే అంటాను.

మళ్ళీ ఎప్పుడైనా ఎక్కడైనా ఆగిపోతే, నువ్వు స్టీరింగ్ పట్టుకో. నేను దిగి తోస్తాను.

…రాకపోతే నేర్పుతాను. తిప్పడమే కదా. నన్ను ఇన్నేళ్ళు తిప్పేవు.

…ఆ, పట్టుచీరతోనే పట్టుకో. వానలోనే. సంఘం ముందే.

…ఏటంటావు? …'గట్టిగా తొయ్యి' అంటావా?

అను. ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా అను. మాయాబందర్‌కి వినపడాలి.

…ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా? ఫోన్లో తెలీదు నాకు. ఎదురుగా ఉన్నా తెలీదు.

…వస్తున్నా. ఇప్పుడే. ఫెరార్‌గంజ్ ఎంతసేపు. సర్దిన పెట్టె విప్పకు, డిక్కీలో వేసుకుందాం. మీ చెల్లెలికి చెప్పు, స్త్రీల సమాజంలో వేరే గొంతు వెతుక్కోమని.

…బయల్దేరే ముందు ప్రార్థనా? …నువ్వు చేస్తావా?

ఉండు.

…

ఆపేను. …తెలుసు, ఇంజిన్ నడుస్తుంటే ఏం కాదంట. షాపు భయ్యా చెప్పాడు. అయినా ఆపేను. చాబీ తీసి జేబులో వేసుకున్నాను.

మళ్ళీ అందుకుంటుంది లే. అందుకోకపోతే తోసుకుంటా వస్తాను.

ఇప్పుడు చెయ్యి. …తొందరేం లేదు మేరమ్మా. నికోబార్ దాకా వెళ్ళు.

…

…

…

ఆమెన్.