కొట్టేసిన మాట

(హౌలేర్ నగరం. ప్రాంతీయ పార్లమెంటు భవనంలో మూడో అంతస్తు. సభ మొదలవడానికి ఇంకా ముప్పావు గంట. సభ్యురాలు బఫ్రీన్ గదికి కొండల్లోంచి ఆమె అత్తగారు పరీఖాన్ వచ్చింది.)

"...జున్ను తిత్తిని కూడా విప్పించి చూశారు పిల్లా, ఆ గేటు దగ్గర. మేకతోలు తిత్తిలో ముసలిది ఏం తెస్తుంది? నీకని తెచ్చాను, వేళ్లన్నీ పెట్టి కెలికారు."

"వాళ్ల పని అది అత్తా. ముందు కూర్చో. ఒక్క ఫోన్ చేస్తే నేనే కిందికి వచ్చేదాన్ని కదా."

"చేస్తే రావద్దనేదానివి."

"అనను."

"అంటావు. ఈ కుర్చీ ఏమిటి, తిరుగుతోంది?"

"తిరిగే కుర్చీయే అది. ఇటు సోఫాలో కూర్చో. ఎవరు తీసుకొచ్చారు నిన్ను?"

"అద్దె కారు. డ్రైవరు ముసలాడు. కిటికీలోంచి కనబడుతుందా? ఆఁ, అదిగో. చెట్టు కింద పెట్టమంటే వినలేదు, తెలివితక్కువవాడు."

"ఆరు గంటల దారి అద్దె కారులోనా? రసూల్ ఏడి?"

"రసూల్‌కి పనుంది."

"కన్నతల్లిని తీసుకురావడం కంటే పనా?"

"ఉందన్నానుగా. ఆ బల్ల మీద మిఠాయి ఎవరికి?"

"వచ్చేపోయేవాళ్లకి. తిను."

"నాకొద్దు. డ్రైవరుకి పంపు. నాలుగు పంపు. నీళ్లు కూడా. కారు అద్దాలు దించే ఉంచమను."

"ముసలాడికి నాలుగెందుకు?"

"తీపంటే ప్రాణం వాడికి. పంపుతావా, నన్ను మళ్లీ మెట్లు దిగమంటావా?"

"పంపిస్తున్నా. నీ నడుం దగ్గర ఫోన్ మోగుతోంది చూడు."

"మోగనీ."

"ఎవరు?"

"రీఛార్జి వాళ్లు. పొద్దున్నుంచీ వాళ్లే."

"అత్తా, నీ తెల్ల తలగుడ్డ ఏది? నల్లది కట్టావేం? ఊళ్లో ఎవరైనా..."

"ఎవరూ పోలేదు. తెల్లది ఆరేశాను."

"ముప్పై రెండేళ్లలో నీ తలమీద నల్లగుడ్డ చూడలేదు నేను. మా ఆయన పోయినప్పుడు కూడా తెల్లదే కట్టావు."

"జమాల్ నీకు మొగుడైతే నాకు కొడుకు. నా కొడుకులు పోయినప్పుడు నేనేం కట్టానో నాకు గుర్తుంది. గుడ్డ సంగతి వదిలెయ్. ఇవాళ నువ్వు మాట్లాడతావట."

"ఎవరు చెప్పారు?"

"ఊరంతా టీవీ ముందే ఉంది. హత్యకి బదులుగా పిల్లనిచ్చే పద్ధతి ఇక చెల్లదని చట్టం తెస్తున్నారటగా. నువ్వే లేచి చదవాలట."

"కమిటీ తరఫున నేనే. నేను చదివితేనే ఓటుకి పెడతారు."

"నువ్వు రాకపోతే?"

"వాయిదా."

"ఎప్పటికి?"

"పై వారానికి."

"పై వారమంటే శుక్రవారం అయిపోయాక."

"అవును. శుక్రవారం ఏముంది?"

"ఏముంటుంది. నమాజుంటుంది."

"అత్తా, నన్ను చూసి చెప్పు. షేర్కో సంగతా?"

"టీ బాగుంది. మన నీళ్లు కాదు గాని, బాగుంది."

"వాణ్ని పోలీసులకి లొంగిపొమ్మని ఫోన్‌లో పదిసార్లు చెప్పాను. తండ్రిగా నువ్వే తీసుకెళ్లమని రసూల్‌కీ చెప్పాను. పెళ్లిలో సంబరానికి గాల్లోకి కాలిస్తే ఆ గుండు ఒకడికి తగిలింది. కావాలని చేసింది కాదు. జైలుంటుంది, ప్రాణం ఉంటుంది."

"పోయింది హాజీ ఖిదిర్ కొడుకు. కావాలని కాల్చలేదని వాళ్లకి నువ్వు చెబుతావా? జైలు నుంచి ఏదో ఒక రోజు బయటికి రావాలిగా. గేటు బయటే కాచుకుని ఉంటారు."

"అయితే?"

"పెద్దలు కూర్చున్నారు."

"ఎప్పుడు?"

"మొన్న. గడ్డాలు నెరిసినవాళ్లందరూ. రెండు గొర్రెలు కోశారు."

"ఏం తేల్చారు?"

"నీకు తెలీదా ఏం తేలుస్తారో."

"నీ నోటితో చెప్పు."

"షేర్కో చెల్లెల్ని ఇమ్మన్నారు. శుక్రవారం. చచ్చిపోయినవాడి అన్నకి."

"ష్నేనా? దానికి పదమూడేళ్లు."

"నిన్ను మా ఇంటికిచ్చినప్పటి నీ వయసు కంటే ఒక్కటే తక్కువ."

"రసూల్ ఒప్పుకున్నాడా?"

"ఏడ్చాడు. ఒప్పుకున్నాడు. మగాళ్లు ముందు ఏడ్చి తర్వాత ఒప్పుకుంటారు. నీ చట్టం శుక్రవారం లోపల వస్తే హాజీ ఖిదిర్ వాళ్లు పిల్లని తీసుకోరు, జైలుకి భయపడతారు. పిల్ల లేకపోతే రాజీ లేదు. రాజీ లేకపోతే షేర్కో లేడు. అదీ లెక్క. నీకు ఒంట్లో బాలేదని చెప్పమన్నారు. ఒక్క వారం."

"నువ్వు ఈ మాట మోసుకొచ్చావా అత్తా?"

"మోసుకురమ్మన్నారు, తెచ్చాను."

"నీతోనే ఎందుకు చెప్పించారో తెలుసా? నువ్వు చెబితే కాదననని."

"తెలుసు."

"మన కొండల్లోంచి ఈ సభకి వచ్చిన మొదటి ఆడదాన్ని నేను. మొదటి రోజు టీ ఇచ్చే ముసలాయన అడిగాడు, ఏ సభ్యుడి భార్యవమ్మా అని. మన తెగ పెద్ద ఆఘా కూడా సభ్యుడే, ఏడాదిపాటు నా వరసలో కూర్చోలేదు. రక్తం కింద ఇచ్చిన ఆడదాని పక్కన కూర్చుంటే పరువు పోతుందని వెనక గోడకి ఆనుకుని నిలబడేవాడు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు మోకాళ్ల నొప్పులు. కూర్చుంటున్నాడు."

"నవ్వించకు పిల్లా, నాకు నవ్వు రావట్లేదు."

"నాకూ రావట్లేదు. తొమ్మిదేళ్లు ఆ ఒక్క కాగితం కోసం తిరిగాను. ఒక్క వారం వాయిదా అంటే ఒక్క వారమే అనుకుంటున్నావా? ఈ వారం ఒప్పుకున్నవాడు పై వారం ఉంటాడా? ఆఘా అయితే మళ్లీ లేచి వెనక్కి వెళ్తాడు."

"సరే, చదువు. చట్టం గురించి చదువు. నీ సొంత కథ చెప్పడమెందుకు? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. అదీ చెబుతావని అంటున్నారు."

"చెబుతాను."

"ఆ కాగితాలేనా? చదివి వినిపించు."

"ఇప్పుడా?"

"నాకు చదువు రాదుగా. నువ్వే చదవాలి."

"'నాకు పద్నాలుగేళ్లు. మా అన్న ఒక మనిషిని చంపాడు. ఆ రక్తం కడగడానికి నన్ను గాడిద మీద ఎక్కించి, చచ్చిపోయినవాడి తమ్ముడికి ఇచ్చారు. డప్పు లేదు, గోరింటాకు లేదు. దారిలో ఎవరూ నాతో మాట్లాడలేదు. ఆ ఇంటి గడప దగ్గర నన్ను దించారు.'"

"తర్వాత?"

"తర్వాత చట్టం సంగతి."

"మధ్యలో నల్లగా ఏదో ఉంది."

"ఒక మాట కొట్టేశాను."

"ఏముంది అందులో?"

"ఏం లేదు."

"ఏమీ లేనిదాన్ని ఇంత మందాన కొట్టేస్తారా?"

"టీ చల్లారుతోంది అత్తా."

"నా మాటేనా?"

"నాకు గుర్తులేదు."

"పద్నాలుగేళ్ల పిల్ల మర్చిపోదు. అన్నదాన్ని నేనే మర్చిపోలేదు. చెప్పు."

"వద్దు."

"చెప్పమన్నాను."

"నన్ను కిందనుంచి పైకి చూశావు. 'నా కొడుక్కి బదులు ఇంతేనా' అన్నావు."

"ఆఁ. అదే."

"కొడుకుని పోగొట్టుకుని నలభై రోజులు కాలేదు నీకు."

"నాకు సాకు చెప్పకు. ఎందుకు కొట్టేశావు?"

"నువ్వు టీవీ చూస్తావని."

"అంతేనా?"

"మీ ఇంటికొచ్చిన నాలుగో ఏడు నాకు జ్వరమొచ్చి స్పృహ లేకపోతే, మగాళ్లు మంచు తగ్గాక చూద్దామంటే, నువ్వు నన్ను వీపున కట్టుకుని రోడ్డుదాకా మోశావు. ఆ మాట చెబితే ఈ మాటా చెప్పాలి. నాకిచ్చింది మూడే నిమిషాలు."

"బరువుండేదానివి కాదులే."

"మళ్లీ ఫోన్."

"మోగనీ అన్నాను. బఫ్రీన్, ఆ పిల్ల నన్నొక మాట అడిగింది. ష్నే. నిన్న పొయ్యి దగ్గర రొట్టెలు తిప్పుతూ. ఇలా ఇస్తున్నారని వాళ్లమ్మ చెప్పిందట."

"ఏమంది?"

"'అక్కడినుంచి బడి ఎంత దూరం నానమ్మా?' అంది."

"బడి గురించా అడిగింది అత్తా..."

"ఏడవకు. మాట్లాడాల్సినదానివి."

"మాట్లాడొద్దనేగా వచ్చావు?"

"అవును. దానికే వచ్చాను. అయితే ఫోన్ చెయ్యి. ఒంట్లో బాలేదని చెప్పు, అయిపోతుంది."

"షేర్కోకి అక్షరాలు నేను దిద్దించాను. నా కడుపున పుట్టలేదన్న మాటే గాని, వాడు నా ఒళ్లో పెరిగాడు. వాడికేమన్నా అయితే నేను బతికుండి ఏం లాభం?"

"అందుకే చెబుతున్నా."

"ముందు నుయ్యి, వెనక గొయ్యి. పిల్లనివ్వాలి, లేకపోతే పిల్లాణ్ని ఇవ్వాలి. ఎవరు పెట్టారు అత్తా ఈ బేరం?"

"నేనూ నువ్వూ కాదు. ఫోన్ చేస్తావా?"

"చేస్తాను. ఆగు... హలో. నేను బఫ్రీన్‌ని. ఆఁ, కాగితాలన్నీ ఉన్నాయి. ఇవాళ నేను... లేదు, వినబడుతోంది. ఇవాళ నాకు కాస్త... ఏమీ లేదు. నా బల్ల మీద గ్లాసుడు నీళ్లు పెట్టించండి. వస్తున్నాను."

"పెట్టేశావా?"

"పెట్టేశాను. వెళ్లి వాళ్లతో చెప్పు, కోడలు నా మాట వినలేదని. రక్తం కింద వచ్చింది, మళ్లీ రక్తమే తెచ్చిపెట్టిందని తిట్టుకోమను."

"చెబుతాను."

"షేర్కోకి ఏమన్నా అయితే నీకు నా మొహం చూపించను అత్తా."

"కలం తియ్యి."

"ఎందుకు?"

"ఆ కొట్టేసిన మాట మళ్లీ రాయి. నా పేరు పెట్టి రాయి. మీ అన్న చంపిన మేరాన్ తల్లి పరీఖాన్ అన్న మాట అని."

"నీకేమన్నా..."

"రాయమన్నాను. మూడు నిమిషాల్లో పట్టకపోతే జ్వరం సంగతి తీసెయ్. అది నీకూ నాకూ తెలిస్తే చాలు."

"ఇంతసేపూ ఆపమని నువ్వే కదా."

"పెద్దలు అనమన్న మాట అన్నాను. నిన్ను పరీక్షించడానికి కాదు. నాకే ఎటూ తోచలేదు. ఆరు గంటల దారంతా అదే. ఆగుతానంటే వెనక్కి వెళ్లిపోదాం, శుక్రవారం జరిగేది జరుగుతుంది అనుకున్నాను. ఆగనంటే ఇంక నీకు చెప్పేద్దామనుకున్నాను."

"ఏం చెప్పేద్దామని?"

"నిన్న నేను హాజీ ఖిదిర్ ఇంటికి వెళ్లాను."

"నువ్వా? ఎవరు పంపారు?"

"ఎవరూ పంపలేదు. నడిచి వెళ్లాను. ఆ చచ్చిపోయిన పిల్లాడి తల్లి గడపలో కూర్చుని ఉంది. ఆమెకి నేనేం చెప్పను? ఒకప్పుడు నేనూ అలాగే కూర్చున్నాను. తలగుడ్డ తీసి ఆ గడప మీద పరిచాను."

"తెల్లది ఆరేశానన్నావు."

"అక్కడే ఆరేశాను. ముసలిదాని తెల్లగుడ్డ గడప మీద ఉంటే దాన్ని తుపాకీతో దాటే మగాడు మన కొండల్లో ఇంకా పుట్టలేదు. చచ్చిపోయినవాడి నలభయ్యో రోజు దాకా అది అక్కడే ఉంటుంది. షేర్కో ఆ లోపల ఠాణాకి పోతే పోతాడు. ఆ తర్వాత దేవుడున్నాడు, నీ చట్టం ఉంది."

"ఆమె ఏం చేసింది అత్తా?"

"గాలికి ఎగిరిపోకుండా ఒక రాయి తెచ్చి దాని మీద పెట్టింది."

"ఆమే పెట్టిందా?"

"గంట మోగుతోంది. మీ గంటేనా అది?"

"మా గంటే. కాని అత్తా, రసూల్ ఊరుకోడు. నలభయ్యో రోజు తర్వాత సంగతేమిటని భయపడతాడు. ఇవాళ సభలో ఓటయినా అది రేపే చట్టం అయిపోదు. శుక్రవారం పిల్లని తీసుకెళ్లి వాళ్ల గడప దగ్గర వదిలేస్తాడు. ష్నే ఇంట్లోనే ఉంది కదా, వాడి చేతిలోనే ఉంది కదా."

"మళ్లీ ఫోన్."

"రీఛార్జి వాళ్లా?"

"రసూల్. తెల్లారినప్పటినుంచీ చేస్తున్నాడు, పిల్ల కనబడట్లేదని."

"కనబడట్లేదా? ఎక్కడికి పోయింది?"

"ఆ డ్రైవరుకి నోట్లో ఒక్క పన్ను లేదు పిల్లా. నువ్వు పంపిన మిఠాయి వెనక సీట్లో దుప్పటి కింద పడుకున్నదానికి."