దయామణవ్వ మెళ్ళో ఈలపురుగు

ఏందే అమ్మాయ్, ఆ మెళ్ళో పచ్చది? మార్కాపురం తిరనాళ్ళలో కొన్నావా? ప్లాస్టిక్కా! పోవే, పచ్చరాయంటే మా దయామణవ్వ మెళ్ళోది. మా నాయనకు అమ్మ. మీ నాయన పుట్టకముందే పోయిందిలే. తర్లుపాడులో ఆమె నోరు తెరిస్తే కొనకనమిట్లలో కుక్కలు మొరిగేవి. కోడికంటే ముందు లేచి, ఇంకా కూయలేదేందని కోడిని తిట్టేది. మా తాత దేవరాజుకా, నోట్లో నాలుకుందో లేదో ఎవురికీ తెలీదు. అడిగితే ఊ, అడక్కపోతే అదీ లేదు. ఇద్దరికీ పంచాల్సిన మాటలన్నీ దేవుడు ఆమెకే పోసినాడు.

ఇంగ్లీషోళ్ళ కాలం గదా, తాత మద్రాసు పటాలంలో చేరి చైనా పోయినాడు. అక్కడేదో యుద్ధమంట. తిరిగొచ్చేటప్పుడు అందరూ సిల్కు గుడ్డలు తెచ్చుకుంటే, ఈయన ఏం తెచ్చినాడో చెప్పు? పురుగు! బొటనేలంత పచ్చరాయి పురుగు. ఎండాకాలం చెట్లమీద చెవులు పగిలేట్టు కూస్తాది చూడు ఈలపురుగు, అచ్చం అదే. రెక్కలు, కండ్లు, అన్నీ చెక్కినారు. ఆమె చేతిలో పెట్టి "ఇదిగో" అన్నాడు. అన్నేండ్ల తర్వాత ఇంటికొచ్చి అన్నది ఆ ఒక్క మాటే. దారానికి బెజ్జం వేయించాలని పలకరాళ్ళు చీల్చే పోలయ్య దగ్గరికి తీసకపోతే, ఆయన బరమా ముక్కు అరిగింది గానీ రాతికి గీతన్నా పడలా. దారమే అటూ ఇటూ చుట్టి మెళ్ళో కట్టుకుంది. "చైనా రాణిది" అని బాయికాడ పక్కింటి మాలకొండమ్మను ఏడిపించింది.

ఇంతలో మిషనుకు కొత్త దొరసాని వచ్చింది. అంతకుముందు చైనాలో ఉన్న మనిషి. చూసి, "డయామనీ, ఇడి చాలా పాటది. ఏసు ప్రభువు పుట్టకముండుది" అనింది. అవ్వ రొమ్ము ఇంత పొంగింది. "ఆ డేశంలో చచ్చినోల్ల నాలుక మీడ పెట్టి పూడ్చుటారు." అయిపాయ! మాలకొండమ్మ ఊరుకుంటాదా? ఇల్లిల్లూ చాటింది. ఆదివారం గుడిలో అవ్వ పక్కన ఒక్కరూ కూర్చోలా. ఇంటికొచ్చి దారం తెంపి తాత ముందర విసిరికొట్టింది. "పీనుగ నోట్లోది పెరికి తెచ్చి నా మెళ్ళో కట్టినావా? ఇప్పుడన్నా నోరు తెరువు!"

తాత నేలచూపులు చూస్తా అన్నాడంట, "అంగట్లో కొన్న్యా. పీనుగ సంగతి నాకేం తెలుసు? ఆడ ఎవురి మాటా అర్థం కాదు. నీ గొంతు లేక చెవులు బోసిపోయినాయి. ఈ పురుగు కనబడితే నువ్వే అనుకొని కొన్న్యా."

ఇంకోరైతే నన్ను పురుగంటావా అని చేట తిరగేసేది. అవ్వ మాట్లాడలా. ఆ పొద్దంతా మాట్లాడలా! జరమొచ్చిందేమోనని మాలకొండమ్మే వచ్చి నుదురు పట్టి చూసింది. మర్నాడు మళ్ళా మెళ్ళో పురుగు. "పీనుగదైతే ఏంది, నేను మాత్రం పోనా? పోయినప్పుడు నా నోట్లో పెట్టండి, అప్పుడన్నా ఊరికి నిద్ర పడతాది" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. తాత నవ్వేవాడు కాదు.

పోయింది, పాపం. పెట్టెలో పడుకోబెట్టినారు. తల్లి మాట గదా అని మా నాయన పురుగును ఆమె నోటికాడికి తీసకపోయినాడు. తాత లేచొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "నోట్లో వద్దురా. చేతిలో పెట్టు. రేపు నేను పోయినప్పుడు నాతో మాట్లాడాల గదా."

...

ఒసేయ్, ఆ మేక చూడు, జొన్నల్లో తలపెట్టింది. తోలుపో.