పసుపు గీత అవతల

ఉద్దానంలో, బారువకు దగ్గరి ఒక ఊరు. ఊళ్ళో కలరా తిరుగుతున్న ఏడాది. కిరస్తానంలో కలిసినందుకు కులం వెలేసిన తవిటయ్య గుమ్మం ముందుకి, ఆరోజు పొద్దెక్కాక, అక్క మొగుడు పోలారావు వచ్చి నిలబడ్డాడు.

"లోపలికి రమ్మనకు. నీ ఇంట్లో అడుగెట్టి మళ్ళీ తానం సేసే ఓపిక నాకు నేదు."

"రమ్మన్ను బావా. అప్ప ఎలగున్నాది?"

"మరిడి తగిలిన మనిషి ఎలగుంటాది?"

"మరిడా! అప్పకా! ఎప్పుడు బావా?"

"మొన్న. ఒకటే వాంతులు, విరోసనాలు. ఊరి మంచి సూడాలి గదా. కొబ్బరితోటలో కాపలా పాక ఉన్నాది సూడు, నానే తీసుకెల్లి అందులో దింపీసొచ్చినాను. తరవాత ఊరు కట్టీసినాం. పసుపుతో గీత గీసి, వేపమండలు పాతీసినాం. అవతలోళ్ళు ఇవతలకి రాకూడదు, ఇవతలోళ్ళు అవతలకి..."

"ఒక్కర్తినే వదిలీసినావా?"

"మరి నీ టెక్కలి పాదిరిని తోడు పడుకోమన్నావేటి?"

"నీళ్ళెవరిత్తన్నారు బావా?"

"ఇంక నీళ్ళెందుకు? సచ్చిపోయింది."

"బావా..."

"అదిగో! అప్పుడే వణుకు. ఆడదానికన్నా కనాకట్టం రా నువ్వు."

"నువ్వు సూసినావా?"

"సూడ్డమేటి? గీత ఇవతలినుంచి నిన్న కేకేసినాను, ఇయ్యాల కేకేసినాను. పలకనేదు. పొద్దున్న తానాలు సేసీసినాం, కుండ కూడా పగలగొట్టీసినాం. ఇంక మట్టి సెయ్యడమే మిగిలింది. అందుకే నీ కాడికి రావలిసొచ్చింది నా కర్మకి."

"నా కాడికా?"

"మనోళ్ళు ఒక్కడూ ముట్టడు. నువ్వెలాగూ దొర రొట్టె తిని సెడిపోయినోడివి. నీకు మైలేటి, అంటేటి? ఇదిగో సాప, ఇదిగో తాడు. సుట్టీసి, అక్కడే గొయ్యి తీసి పాతీసి రా."

"నాకు బయం బావా."

"నాకు తెల్దేటి! మీసాలొచ్చినాక కూడా, పనసచెట్టు మీద గుడ్లగూబ కూత్తే మంచం కిందకి దూరినోడివి. ఊళ్ళో శవం లేత్తే మూడు వీధులు సుట్టు తిరిగి ఇంటికెల్లినోడివి. ఆ రోజే అనుకున్నాను, ఈడు ఎప్పుడో ఎవరి కాళ్ళో పట్టుకుంటాడని. దొర కాళ్ళు దొరికినాయి."

"అవును బావా. అప్పుడూ బయమే, ఇప్పుడూ బయమే."

"మరి నీ యేసు ఏటి సేత్తన్నాడు? దైర్నం ఇత్తాడని సంతలో సెప్పుకు తిరిగినావు గదా. ఏదీ? తెచ్చుకున్నది దార్లో ఒలికిపోయిందేటి?"

"ఆయనకీ బయమేసిందంట బావా."

"ఎవరికి?"

"యేసయ్యకి. సంపడానికి పట్టుకెల్లే ముందు, తోటలో మోకాళ్ళ మీద పడి సెమట్లు కక్కినాడంట. తప్పించమని తండ్రిని బతిమాలుకున్నాడంట."

"దేవుడికి బయమా! ఓలమ్మో! ఒరే, తగ్గ దేవుడే దొరికినాడురా నీకు! మా అమ్మోరు ఇంటే నవ్వి నవ్వి పడిపోద్ది!"

"బయపడ్డాడు గానీ పారిపోనేదు బావా. లేచి ఎదురెల్లినాడంట. బయమెరగని దేవుడైతే, ఆయన ముందు నిలబడ్డానికి నాకు మొహమెక్కడుంటాది?"

"సాల్లే నీ పురాణం. ఎల్తావా, నేదా? నక్కలు తినీసినాక ఎల్తావా?"

"ఎల్తాను. నన్ను ఎలేసినాక ఊళ్ళో ఎవరూ నా మొహం సూణ్ణేదు. అప్పొక్కర్తే అప్పుడప్పుడు సాటుగా వచ్చి, గోడ మీంచి తిన్నావేటి తమ్ముడా అని అడిగీది. ఒక్క పాలి కళ్ళు మూసుకోనీ బావా."

"మూసుకో, మూసుకో. తెరిసేసరికి నీ బదులు ఆయనే ఎల్లి పాతీసొత్తాడేమో సూద్దాం."

"యేసయ్యా, కాళ్ళు వణుకుతన్నాయి. వణుకు తీసీమని అడగను. ఈ కాళ్ళతోనే నడిపించు... పద బావా."

"ఆ సెంబులో ఏటి?"

"ఉప్పేసిన గంజి."

"సచ్చినదానికి గంజా! ఎర్రోడివా?"

"నువ్వు సూణ్ణేదు గదా బావా."

కొబ్బరితోట మొదట్లో, పసుపు గీత దగ్గర.

"నాను ఇక్కడే ఉంటాను."

"నీ పెళ్ళాం గదా బావా."

"ఊరికి పెద్దని. నాకేటైనా అయితే ఊరు ఏటైపోద్ది? నువ్వు పోతే ఏడ్సేవోడు కూడా నేడు. నడు! ఏటి, నాలుగడుగులకే ఆగిపోనావు? పంచె జారిపోతన్నాది సూసుకో! వచ్చీ, ఎనక్కొచ్చీ, నీవల్ల ఎక్కడవుతాది?"

"మాటాడకు బావా, ఎల్తన్నాను... అప్పా! అప్పా!"

"సుట్టీసినావా? ఒరే, సుట్టీసినావా?"

"బావా! ఊపిరున్నాది!"

"ఏటి?"

"బతికే ఉన్నాది! పెదాలు తడిపితే నాకుతన్నాది. మింగుతన్నాది బావా! నెమ్మదిగా అప్పా, ఇంకొంచెం... బావా, పరుగెత్తి సెంబుడు నీళ్ళట్టుకురా!"

"నాను... గీత ఉన్నాది గదా."

"దాటీ బావా!"

"దాటడమేటి? కుండ పగలగొట్టీసినాం రా! కుండ పగిలినాక మనిషి తిరిగొత్తే ఊరికి అరిష్టం. అది మీ అప్ప కాదు. వదిలీ. అక్కడే వదిలీసి నువ్వూ అక్కడే ఉండు."

"మీ తొందరకి అప్పెందుకు సావాలి బావా? మా ఇంటికి తీసుకెల్తాను. ఎత్తుకొత్తన్నాను, దారియ్యి."

"గీత దాటినావంటే బుర్ర పగలగొట్టీగలను. సూడు, కర్ర సూడు!"

"సూసినాను."

"ఆగవా? పిరికిగొడ్డా, ఆగమంటన్నాను!"

"బయమేత్తన్నాది బావా. నా సేతులు సూడు, అప్ప జారిపోద్దేమో అన్నట్టున్నాయి. అయినా ఒత్తన్నాను. కొడితే నన్ను కొట్టు, అప్పకి తగలనీకు."

"దగ్గరికి రాకు! ఒరే, నా మీదకి రాకు! ముట్టుకోకురా బాబూ, నీకు దండమెడతాను, రాకు!"

"అదేటి బావా, కర్ర పారీసినావు? ఎనక్కి నడవకు, డొంకలున్నాయి, పడిపోతావు!"

"తమ్ముడా..."

"మాటాడకు అప్పా, నీకు ఓపిక నేదు."

"నెమ్మదిగా నడరా. మీ బావ బయపడతన్నాడు. మొన్న నన్ను పాకలో దింపడానికొచ్చినప్పుడూ అంతే, దార్లో కూలబడిపోనాడు. నానే ఆయన సెయ్యట్టుకుని లేపి, ఇక్కడిదాకా నడిపించుకొచ్చినాను."