పెళ్లినాటి రెక్కలు

నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్‌లో ఒక పాత గాలిమర కింద ఇద్దరు ముసలివాళ్లు రెక్కల్ని ఆపే బ్రేకు తాడుతో పెనుగులాడుతున్నారు.

"ఇంకోసారి లాగరా."

"లాగాను, అన్నా. పైన బ్రేకు పట్టేసింది, వదలట్లేదు."

"వదలకపోతే ఎలా? శనివారం తన మనవరాలి పెళ్లని మన డౌవే తన చేత్తోనే కింది రెక్కని నిలువుకి కాస్త ముందే, సంబరం గుర్తుగా ఆపాడు. మంగళవారం పోయాడు. అది నిలువు దాటేలా ఇంకో రెండు మూరలు తిరిగితేనే కదా ఊరికి చావు కబురు చెప్పినట్టు!"

"ఈ బ్రేకు కిటుకు ఆయనొక్కడికే తెలుసు. నేర్చుకోమంటే నువ్వేమన్నావు?"

"డౌవే ఉన్నాడుగా అన్నాను. మరి నువ్వు?"

"నేనూ అదే అన్నాను."

"ముప్పై ఏళ్లు ముగ్గురం కలిసి ఈ ముసలిదాన్ని బాగుచేసుకుంటూ వచ్చాం. కొత్తవాణ్ణి ఒక్కణ్ణయినా చేర్చుకోలేకపోయాం."

"వచ్చినవాళ్లని ఉండనిచ్చావా? మేకు వంకరగా కొట్టాడని ఒకణ్ణి, కాఫీ పలచగా పెట్టాడని ఇంకొకణ్ణి తరిమేశావు."

"ఇప్పుడా దెప్పడం? అదిగో, డౌవే శవం బండి కాలవగట్టు మీదికి వచ్చేసింది."

"రెక్కలింకా పెళ్లిలోనే ఉన్నాయి, అన్నా."

"తాడు మాత్రం వదలకు. మనం లాగుతున్నామని వాడు చూడనీ."