లాప్‌టాప్‌లో మజ్జిగ

తిరుపతి, కొర్లగుంట. రెండువేల ఆరు, ఎండాకాలం మధ్యాహ్నం. పొద్దున పెళ్ళిచూపులకు బెంగళూరు నుంచి వచ్చిన గిరిప్రసాద్, తన సంచీ చెంగయ్య ఇంట్లో ఉంచి, తల్లితో కలిసి కొండకు వెళ్ళాడు. ఆడపిల్ల తల్లిదండ్రులు చెంగయ్య, వరలక్ష్మమ్మ ఇంట్లోనే ఉన్నారు. కూతురు నవీన బయటి నుంచి ఇప్పుడే వచ్చింది.

“అది గాదమ్మా, ముందు సెప్పు. ఆ గుడ్డలో సుట్టింది ఏంది?”

“ఏం లేదు పాపా. నువ్వు పోయి కాళ్ళు కడుక్కో, అన్నం పెడతా.”

“గుడ్డలోంచి నీళ్ళు కారతాండాయి.”

“నీళ్ళు గాదులే, మజ్జిగ.”

“వరలచ్చిమీ! నోరు మూసుకోమంటే...”

“నేనేం సెప్పినానయ్యా? మజ్జిగ అన్నా, అంతే గదా.”

“నాయనా, గుడ్డ ఇట్లియ్యి. ఇదేంది... ఇది గిరిప్రసాద్ లాప్‌టాప్ గదా!”

“ఉష్! నవీనా, మెల్లగా మా. పక్కింటి దేవకమ్మ వినిందంటే బస్సు కంటే ముందు కొండ మీదికి కబురు పోతాది.”

“దీంట్లోకి మజ్జిగ ఎట్ల పోయింది?”

“పడింది మా.”

“అదే, ఎట్ల పడింది?”

“ఎట్ల పడేది అట్లనే పడింది.”

“మీ నాయన సెయ్యి తగిలి పడింది పాపా.”

“నా సెయ్యా? అంత పొడుగు గ్లాసు నిండా పోసి ఎవురు తెమ్మన్నారు నిన్ను?”

“దప్పిక దప్పిక అని అరిసింది ఎవురయ్యా?”

“ఇద్దరూ ఉండండి. సంచీలో ఉండేదాని మీద మజ్జిగ ఎట్ల పడతాది? సంచీ యాడ?”

“ఆడ, మూలన. సంచీకేం గాలేదు మా. శుభ్రంగా ఉండాది.”

“సంచీ తడవకుండా లోపలుండేది తడిసిందా?”

“మజ్జిగ గదా మా, యాడికైనా పోతాది.”

“నాయనా.”

“దుమ్ము తుడిసినా మా. ఇంటికొచ్చినోళ్ళ సంచీ, దుమ్ము పట్టింటే మర్యాదగా ఉండదని.”

“నువ్వు దుమ్ము తుడిసినావా? నాకు బుద్ధి తెలిసినప్పట్నించీ ఈ ఇంట్లో నీ సేతిలో పరక సూళ్ళేదు.”

“సెప్పెయ్యయ్యా. కన్నబిడ్డ కాడ ఏం దాపరికం?”

“సరే. తెరిసినా. తెరిసి సూసినా. తప్పా? పిల్లోడు బెంగళూరులో ఒక్కడే ఉండాడు. ఆ ఊర్లో ఎవురు ఎట్లుంటారో! ఫొటోలన్నీ దీంట్లోనే పెట్టుకుంటారని మునికృష్ణ సెప్పినాడు.”

“ఎవురు, టీవీలు రిపేరు సేసే మునికృష్ణా?”

“ఆయప్పే. ఎవురన్నా ఆడపిల్ల ఫొటో ఉంటాదేమో అని... పిల్లనిచ్చేవాణ్ణి, ఆ మాత్రం సూసుకోనా?”

“సూసినావా మరి?”

“యాడ! మీట నొక్కితే టింగుమని అరిసింది. దొంగను పట్టుకున్నట్ల. నేను ఉలిక్కిపడితి. సరిగ్గా అప్పుడే మీయమ్మ గ్లాసు పట్టుకోని నా భుజం మీదికి వంగింది.”

“నాకేం తెలుసు? నేనూ ఫొటోలు సూద్దామనే వంగినా.”

“బాగుండాది సంబరం. ఎంతసేపయింది ఇది జరిగి?”

“బస్సెక్కినామని వాళ్ళు ఫోను సేసినారే, అప్పుడు.”

“అంటే పొద్దున్నే! ఇంతసేపూ ఏం సేస్తాంటిరి?”

“ఊరకుంటామా? తలకిందులుగా పట్టుకోని దులిపినా. కరేపాకు బయటికొచ్చింది. అల్లం ముక్క మాత్రం ఇంకా లోపలే ఉండాది. అచ్చరాల బిళ్ళల్లో పొడుగుది లేదూ, దాని కింద.”

“దేవుడా.”

“పొయ్యి పక్కన పెట్టి వేడి తగిలిద్దామంటే మీయమ్మ ఒప్పుకోలేదు.”

“ఒప్పుకుంటానా? కరిగిపోతే ఎవురు దిక్కు? అందుకే మిద్దె మీద ఎండబెట్టినా పాపా, వడియాల పక్కన. అంతలోకే కాకి వచ్చింది.”

“కాకి ఎందుకొచ్చింది?”

“వడియాల కోసమే వచ్చింది పాపం. మజ్జిగ వాసన తగిలిందేమో, వడియాలు ఇడిసిపెట్టి దీన్ని పొడిసింది. ఒక బిళ్ళ ఎత్తుకోని పోయింది.”

“ఏ బిళ్ళ?”

“ఇంగ్లీషులో జీ.”

“అయ్యో అమ్మా, ఆయన పేరు మొదలయ్యేదే జీతో!”

“ఇంక బతికినన్నాళ్ళు ఇరిప్రసాద్ అని రాసుకోవాల్సిందే.”

“ఏమయ్యా, ఇప్పుడు గూడా నవ్వులాటేనా నీకు?”

“నవ్వకపోతే ఏడుపొస్తాంది వరలచ్చిమీ.”

“మునికృష్ణను పిలవలేదా నాయనా? ఫొటోలుంటాయని సెప్పింది ఆయనే గదా.”

“ఫోను సేసినా. ‘అన్నా, లాప్‌టాపు లోపల ఎట్లుంటాదో నేను కంటితో సూళ్ళేదు. టీవీ మాదిరి నెత్తి మీద ఒకటి కొట్టి సూడు’ అన్నాడు.”

“కొట్టినావా?”

“మెల్లగానే.”

“బ్యాటరీ అయినా తీసినారా?”

“బ్యాటరీ యాడుంటాది? టార్చిలైటుకు మాదిరి మూత కనపళ్ళేదే.”

“అడుగున ఉంటాది. ఈడ. ఇట్ల జరిపి లాగాల. ఆ, వచ్చింది.”

“సూసినావా వరలచ్చిమీ, మన బిడ్డ తెలివి!”

“మురిసిపోవద్దు నాయనా. దీని కింద గూడా మజ్జిగే. ఈ తెల్లగా ఇరుక్కున్నవి ఏంది?”

“బియ్యం గింజలు పాపా. ఉప్పులో బియ్యమేస్తే తేమ లాగేస్తాది గదా. అందుకని కాసేపు బియ్యం డబ్బాలో పూడ్సి పెట్టినా.”

“ఇంకేం మిగలబెట్టినారు? తిరగమాత పెట్టలేదా?”

“ఎగతాళి సెయ్యొద్దు మా. సాయంత్రానికి వాళ్ళు దిగొస్తారు. నా మాట విను. తుడిసి సంచీలో పెట్టేద్దాం. బెంగళూరు పోయి తెరుస్తాడు. బస్సు కుదుపుకు పాడయిందనుకుంటాడు.”

“మజ్జిగ వాసనకేం సెప్తావు?”

“కోతి వచ్చి పారబోసిందని సెప్దాం పాపా.”

“కొర్లగుంటలో కోతి యాడిదమ్మా?”

“కొండ దిగొచ్చింది. మనుషులు ఎక్కంగా లేంది, కోతి దిగితే ఏం?”

“అబద్ధాలొద్దు. ఆయన నంబరు నా కాడ ఉండాది. నేనే ఫోను సేసి సెప్తా.”

“వద్దు! నీకు దండం పెడతా పాపా. వాళ్ళమ్మ చంద్రకాంతమ్మను సూసినావు గదా, మన గోడ మీద బూజు గూడా వదలకుండా సూసిపోయింది. ఇది తెలిస్తే సంబంధం తెగినట్లే.”

“తెగితే తెగనీ. నేనింకా సరే అనలేదు గదా.”

“ఎందుకనవు? ఏం తక్కువ ఆ పిల్లోడికి?”

“తక్కువో ఎక్కువో నాకెట్ల తెలుస్తాది? వచ్చి కూర్చున్నప్పట్నించీ సంకబిడ్డ మాదిరి ఈ సంచీని ఒళ్ళో పెట్టుకోని నిమురుతాండె. నన్ను సరిగ్గా సూళ్ళేదు గూడా. మనిషి ఎట్లాంటోడో ఈ మజ్జిగతోనే తేలిపోతాది. కోపమొస్తే ఇప్పుడే రానీ, తాళి కట్టినంక గాకుండా.”

“వరలచ్చిమీ, ఫోను లాక్కో!”

“నేను లాక్కోనయ్యా. అది సెప్పేదాంట్లో నాయముండాది.”

“హలో... నేను, నవీనను. దర్శనం అయిందా?... మంచిదండీ. ఒక మాట సెప్పాల. మీ లాప్‌టాప్ మీద మజ్జిగ పడింది... మజ్జిగండీ, తాగే మజ్జిగ... మా ఇంట్లోనే. మీకు సెప్పకుండా మా నాయన సంచీ తెరిసినాడు... ఫొటోలు సూద్దామని... అవును, ఆడపిల్లల ఫొటోలే.”

“అయిపోయింది. మొత్తం సెప్పేసింది. వరలచ్చిమీ, గ్లాసుతో నీళ్ళు తే.”

“నీ సేతికి ఇంక ఈ ఇంట్లో గ్లాసు ఇయ్యను. కొళాయి కాడికి పోయి దోసిట్లో తాగు.”

“ఉండండి, వినపళ్ళేదు... హలో? ఆ... ఎవురికీ ఏం గాలేదు. అమ్మకా? లేదండీ, కరెంటు కొట్టలేదు. నాయన గూడా బాగానే ఉండాడు... నిజంగానే అంటాండారా?... సరేనండీ. ఉంటా.”

“ఏమన్నాడు మా?”

“నవ్వినాడు.”

“నవ్వినాడా? కోపంతోనా?”

“లేదు నాయనా, మామూలుగానే. మొదట అమ్మకు షాకు కొట్టిందేమోనని అడిగినాడు. తర్వాత నువ్వు బెదిరిపోయినావేమోనని. లాప్‌టాప్ మాట నేనే ఎత్తాల్సి వచ్చింది. ‘వస్తువు పోతే వస్తువొస్తాది. పెద్దోళ్ళను దిగులు పడొద్దని సెప్పండి’ అన్నాడు.”

“సూసినావా! బంగారమని నేను మొదట్నించీ సెప్తానే ఉండా.”

“నువ్వు సెప్పినావా? పిల్లోడి ఫొటోలు ఎతికినోడివి!”

“అమ్మా, నాయనా, కొట్లాట ఆపండి. ఈ సంబంధం నాకు సమ్మతమే.”

“ఏమన్నావు పాపా? ఇంకోసారి సెప్పు.”

“సమ్మతమే అన్నా. ఇంత జరిగినా ముందు మనుషుల గురించి అడిగినాడు సూడు, ఆ మాటకే.”

“గంగమ్మ తల్లీ, పొంగలి పెట్టుకుంటా. మజ్జిగ పుణ్యాన పెళ్ళి కుదిరింది!”

“వరలచ్చిమీ, చక్కెర తే. నోరు తీపి సేసుకుందాం. మా, నీ ఫోను మోగతాంది సూడు.”

“ఆయనే, మళ్ళీ... హలో?... ఏమైందండీ?... మెట్ల మీద కూలబడినారా? ఎందుకు?... ఎవురిది?... ఎవురిదీ!... లేదు, నేను సెప్పనులెండి... లేదండీ, నవ్వలేదు. ఒట్టు, నవ్వలేదు. ముందు మీరు మంచినీళ్ళు తాగండి. ఉంటా.”

“ఏమైంది మా? మనసు మార్చుకున్నాడా?”

“మార్చుకోలేదు నాయనా. కొండ మీద మెట్ల మీదే కూర్చుండిపోయినాడంట.”

“ఇందాక నవ్వినోడికి ఇప్పుడేం వచ్చింది?”

“ఆ లాప్‌టాప్ ఆయనది గాదంట. లాప్‌టాప్ లేనోడికి మనం పిల్లనియ్యమేమోనని, వాళ్ళ మేనేజరును బతిమాలి ఈ ఒక్క పూటకు అడిగి తెచ్చుకున్నాడంట. ఇందాక మన గురించి దిగుల్లో అది తట్టలేదంట, ఇప్పుడు మేనేజరుకు ఏం సెప్పాలన్నా, మన ఇంటికి రావాలన్నా ఆయనకే భయంగా ఉండాదంట... ‘మీ నాయనకు మాత్రం సెప్పొద్దు’ అన్నాడు.”