దొర బూటు

బిలాస్‌పూర్ రైలింజన్ల షెడ్డు వెనక కొట్టంలో, చనిపోయిన దొర కంచు విగ్రహం కోసం తన కొడుకు చేసిన మైనపు బొమ్మ ముందు ముసలాయన ముక్కు చిట్లించి నిలబడ్డాడు.

"ఇక మట్టి మెత్తి కంచు పోసేస్తాను నాన్నా. దొర పోలికలు వచ్చేయా?"

"నాకేటి తెల్సురా?"

"అదేటి! ఆయన కిందే కదా డ్యూటీ చేసేవు?"

"తలెత్తితే తన్నీవోడు. మొహం ఎప్పుడు సూసేను?"

"అచ్ఛా, మరింకెవర్ని అడగాలి?"

"బూటు సూపించు, సెప్తాను."

కొడుకు బొమ్మ కాళ్ల మీద కప్పిన గుడ్డ తీశాడు. ముసలాయన చెయ్యి తనకు తెలియకుండానే నడుం తడుముకుంది.

"థూ! అచ్చం అదేరా."

"హమ్మయ్య! దొరసాని పంపిన పాత బూటు చూసి చేసేను. పద, అమ్మ అన్నానికి పిలుస్తోంది."

"ముందు ఆ సెయ్యి బూడిదెట్టి తోముకో. బూటు నిమిరిన సేత్తో నా పక్కన కంచం ముట్టుకోకు."