ముత్యమ్మ బదులు ఒక వేలు

తొంభై ఆరు, ఎండకాలం. సంగారెడ్డిల రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందట దస్తావేజులు రాసే ప్రహ్లాద్ బల్ల. ఎదురుగ జిన్నారం కాడి నుంచి వచ్చిన ముత్యమ్మ.

“నేను అమ్మలే సారూ! కలుపు తీద్దామని పోతే నా చేను సుట్టు కంపెనీవోడు గోడ కట్టిండు.”

“గోడ ఆళ్లది, గోడు నీది. గిదే లోకం పెద్దమ్మా. ఇగో, నీ రెండెకరాల దస్తావేజు నకలు తీపిచ్చిన. నువ్వే అమ్మినవని ఉంది.”

“నేనా?”

“నువ్వే. పేరు ముత్యమ్మ, వయసు అరవై ఎనిమిది. పోయిన కార్తీకంల గీ ఆఫీసుకొచ్చి వేలి నిషానీ గూడ ఏసినవ్. సూడు, ముత్యమసొంటి ముద్ర!”

“కార్తీకంల నాకు కంటి ఆపరేషనైంది. పట్టీ కట్టుకొని మంచంల ఉన్న. ఎట్లొస్త?”

“నువ్వు రాలే, నీ పేరొచ్చింది. వేలు పెట్టింది ఒకరు, వేలు పట్టుకపోయింది ఇంకొకరు.”

“నవ్వులాటనా సారూ? మొగడు పోయినంక గా చేనే నన్ను సాదుతుంది.”

“నవ్వకుంటే ఈ బల్ల కాడ రోజూ ఏడ్వాలె పెద్దమ్మా. జెర విను. దరఖాస్తు రాస్త. నీ వేలూ గీ వేలూ పక్కపక్కన పెట్టి సూస్తరు. మనిషి అబద్ధమాడ్తడు, బొటనవేలు ఆడదు.”

“ఏసినామె దొరుకుతదా?”

“దొరుకుతది. నీ చేను నీకొస్తది, ఆమె జైలుకు పోతది.”

“పోనియ్! రాయ్ సారూ, జల్దీ రాయ్. దాని చేతులకు బేడీలేస్తే కండ్లార సూస్త. మొన్ననే బాగుచేయించుకున్న కండ్లు!”

“ఉండు, ఉండు. నువ్వే ముత్యమ్మవని సాక్షి సంతకం పెట్టినోడు… మొగులయ్య.”

“మొగులయ్యనా? మా ఊరోడే. మంచోడు సారూ. ముసలోళ్లకు పింఛన్లిప్పిస్తడు. జీపుల తీస్కపోతడు, చాయ తాగిపిస్తడు.”

“చాయ పోసి ఛాయనే మార్చిండన్నట్టు.”

“గట్లనకు. నేను మంచంల ఉంటే నా పింఛన్ ఆగొద్దని ఆయనే తిప్పలపడ్డడు. మా ఆగమ్మను తోల్కపోయి నా బదులు ఏలు ఏపిచ్చిండు.”

“ఏమంటివి?”

“నా బదులు. రానోళ్లకు వచ్చినోళ్లు ఏస్తరు గదా. కంట్రోల్ బియ్యం దుకాణంల గూడ మేం గట్లనే ఏస్తం.”

“ఎక్కడికి తోల్కపోయిండు?”

“గీడికే, సంగారెడ్డికి. ఆఫీసుకు.”

“పెద్దమ్మా, పింఛన్ సంగారెడ్డిల ఇయ్యరు. మీ ఊర్లె, పంచాయతి కాడ ఇస్తరు.”

“ఆఫీసంటే ఆఫీసే అనుకున్నం సారూ.”

“ఏది, ఆగమ్మ ఏడుంది ఇప్పుడు?”

“బయట బెంచీ మీద. నాతోనే బస్సుల వచ్చింది. నా చేను పక్కనే ఆమెది ఎకరన్నర. దానికి గూడ గోడ వచ్చింది. దారి పొడుగునా ఇద్దరం కలిసి తిట్టుకుంటనే వచ్చినం, గా దొంగముండను.”

“ఆగమ్మ తిట్టింది ఆగమ్మనే. పేరు రాయనా?”

“వద్దు.”

“ఏందమ్మా వద్దు? ఇప్పుడే గదా బేడీలన్నవ్!”

“దానికి తెల్వదు సారూ. పుణ్యమనుకొని ఏసింది.”

“కోర్టుల పుణ్యం చెల్లదు. నువ్వు రాయియ్యకుంటే చేను చెల్లు.”

“మొగులయ్య పేరు రాయ్.”

“రాస్త. ‘నేనే ముత్యమ్మను అని ఆమెనే చెప్పింది, నమ్మిన’ అంటడు. ఆగమ్మ నోరు విప్పితేనే ఆయన దొరుకుతడు. పిలువు ఆమెను. గోడ లోపలి చేన్లన్నిటి నకళ్లు తీపిచ్చిన, ఆమె ఎకరన్నరది గూడ ఉంది. ఆమె పేరు మీద ఏసిందెవరో గది గూడ ఒక్కపారే సూద్దాం.”

“అది తెరువకు సారూ.”

“ఎందుకు?”

“ఆగమ్మకు నడుం పట్టుకున్న నాడు, మొగులయ్య జీపుల నేను గూడ వచ్చిన.”